వెక్కిరించడానికేమీ మిగలని రోజు

వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం ఒంటిగంటకు తమ్ముణ్ణి డయాలసిస్ కుర్చీలో కూర్చోబెట్టి, అక్క పక్కనే ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చునేది. ఆమెది స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. సెలవు అడిగీ అడిగీ ఆమెకు యజమాని ముఖం చూడాలంటేనే మొహమాటంగా ఉండేది. తమ్ముడు టైల్స్ మేస్త్రీ. ముప్పై రెండేళ్లు. ఇళ్లకిళ్లు నేలలు పరిచినవాడు ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. తన కిడ్నీ ఇస్తానని ఆమె పరీక్షలన్నీ చేయించుకుంది. షుగరుంది, కుదరదు పొమ్మన్నారు.

ఆ సోమవారం బరువు చూసే మిషను మీంచి దిగుతూ వాడన్నాడు, "ఈ నెలతో ఆపేద్దామక్కా."

"ఏంటి ఆపేది?"

"ఇక్కడికి రావడం."

ఆమె విననట్టే సంచీలో ఏదో వెతుక్కుంది. రెండయితే సీరియల్ వస్తుంది, వాడు నవ్వుతాడు, ఈ మాట మర్చిపోతాడు. ఆమెకున్న ఆశల్లా అదే.

గోడ మీది టీవీకి రిమోట్ ఎప్పుడో పోయింది. ఒకే ఛానెల్. రెండింటికి కాలేజీ పిల్లల పాటల సీరియల్. పదహారేళ్లవాళ్లుగా వేసినవాళ్లలో ఒకడికి బట్టతల మొదలైంది. ప్రిన్సిపాల్ తిట్టాలన్నా పాటే, పరీక్ష తప్పాలన్నా పాటే. గిటారు వాయించేవాడి వేళ్లు తీగల దరిదాపులకు పోవు. తమ్ముడు ఆ బట్టతలవాడికి "దువ్వెన" అని, ఊరికే ఏడ్చే హీరోయిన్‌కి "గ్లిజరిన్ పాప" అని పేర్లు పెట్టాడు. వాడి వెక్కిరింతలకు పక్క కుర్చీల వాళ్లు కూడా పొట్ట పట్టుకునేవారు. నవ్వులో చెయ్యి కదిలి యంత్రం కూతపెడితే సిస్టరొచ్చి కసిరేది. ఇంట్లో పెదవి విప్పని తమ్ముడు ఆ అరగంటా పాత తమ్ముడే.

ఆ రోజు మాత్రం సీరియల్ ఇంకెవరో రాసినట్టుంది. గ్లిజరిన్ పాప ఇంటికొచ్చింది. వాళ్లమ్మ బాత్రూంలో గడియ పెట్టుకుని తలుపు తీయడం లేదు. పిల్ల గుమ్మం దగ్గర చతికిలబడి, సన్నగా, చిన్నప్పటి పాటొకటి ఎత్తుకుంది. వాయిద్యాల్లేవు. రెండో చరణంలో మాట తప్పింది, ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. కంట్లో చుక్క కూడా లేదు ఆ పిల్లకి.

తమ్ముడు వెక్కిరించలేదు.

"దాని ముక్కు చూడరా, ఎంత పొడుగ్గా ఉందో," అంది అక్క.

"ఊరుకో అక్కా."

వాడి బుగ్గల మీదుగా నీళ్లు కారుతున్నాయి. సూదులున్న చెయ్యి కదపలేడు. రెండో చెయ్యి ఎత్తే ఓపిక లేనట్టుంది. ఆమె చున్నీ చివరతో తుడిచింది.

"రెండు వారాలనుంచి మాత్రలు వేసుకోవట్లేదు," అన్నాడు వాడు, టీవీ వైపే చూస్తూ. "నీ ముందు నోట్లో వేసుకుని, తర్వాత ఉమ్మేస్తున్నా."

"ఎందుకురా?"

"విసుగొచ్చింది. భయం కూడా. సూది దిగిన ప్రతిసారీ భయమే. నీకు తెలియకూడదనే ఆ జోకులన్నీ."

ఆమెకు ముందు కోపమొచ్చింది. "నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలిరా, వెధవా!" అని అందరూ వినేలా అరిచింది. ఆ వెంటనే సిస్టర్ దగ్గరికి పరుగెత్తి ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరొచ్చారు. రక్తం తీయించారు, వాడి పక్కనే కూర్చుని చాలాసేపు మాట్లాడారు. అక్క బయట మెట్ల మీద కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా ఏడ్చింది. ఇన్నాళ్లూ వాడు నవ్వుతుంటే బాగున్నాడనుకుంది. ఇప్పుడు దేన్ని పట్టుకుని బతకాలో ఆమెకు తోచలేదు.

ఆ రాత్రి నుంచి వాడు మాత్ర మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించేవాడు. ఆమె చూసేది. ఇద్దరికీ సిగ్గుగానే ఉండేది.

నెల దాటింది. వాడు రావడం మానలేదు. మాననని మాటా ఇవ్వలేదు. ఒంటిగంటకు సూది దిగేటప్పుడు మాత్రం, "అక్కా, చెయ్యి పట్టుకో," అంటున్నాడు.