పక్క సీట్లో ఇసుక మూట

మాస్టారికి ఎర్రవి కావాలి. ఆయన భార్య నడుముకు నల్లవి కావాలి.

షెడ్డులో బల్ల మీద షాక్ అబ్జార్బర్లు రెండు సెట్లు ఉన్నాయి. ఎర్రవి పందేలకు వాడేవి, గట్టివి. నల్లవి మెత్తనివి, అవసరమైతే మర తిప్పి గట్టి చేసుకోవచ్చు. షెడ్డు ఆమె తమ్ముడిది. కారు మాస్టారిది, రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. ఏటా జరిగే పాత కార్ల ర్యాలీ ఈ ఆదివారం కొండదారిలో ఉంది. మ్యాపు చూసి దారి చెప్పేది ఆమే. ఆమె పక్కన లేకుండా మాస్టారు ఆ దారి ఎక్కలేదు.

కిందటేడు ఎర్రవాటితో వెళ్లొచ్చి ఆమె వారం మంచం దిగలేదు. ఈసారి నడుం పట్టేస్తే ఇక కారెక్కనని తేల్చి చెప్పింది. మాస్టారు మనసు చంపుకుని నల్లవి బిగించారు. ఎప్పటిలాగే పక్క సీట్లో ఆమె బరువుకు బదులు ఇసుక మూట పెట్టి, కారును నొక్కి చూసుకుంటూ మర సరిచేశారు. కారు కిందికి కుంగి, ఒక్కసారి లేచి, ఆగింది.

శుక్రవారం ఆమెను ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. కారు ప్రతి గుంతకూ ఊయలయింది. నడుం బాగానే ఉందని, కడుపులోనే తిప్పుతోందని ఆమె సీట్లోంచే చెప్పింది. మాస్టారి చూపు ఎర్రవాటి మీదికి పోయింది.

తమ్ముడు మూటను కాలితో కదిపాడు.

"దీని బరువెంత బావా?"

"నలభై ఎనిమిది కిలోలు."

"ఎవరి లెక్క?"

"మీ అక్కదే."

"ఎప్పటిది?"

మాస్టారు స్పానరు తుడుచుకున్నారు. "పెళ్లినాటిది."

"మళ్లీ అడగలేదా?"

"అడిగి బతికి బట్టకట్టాలి కదరా."

ఆమె కారు తలుపు తెరిచి మూటను చూసింది.

"ఇన్నేళ్లూ మీ పక్కన కూర్చున్నది నేనే అనుకున్నాను. ఈ సన్నపిల్లా?"

ముందు నవ్వింది తమ్ముడు. తర్వాత ఆమె. ఆమె నవ్వడం చూశాక మాస్టారు.

తన బరువెంతో చెప్పేది లేదని, కావాలంటే తననే కూర్చోబెట్టి చూసుకోమని ఆమె సర్దుకుని కూర్చుంది. తమ్ముడు బానెట్ నొక్కాడు. మాస్టారు చక్రం దగ్గర గొంతుక్కూచుని మర తిప్పారు. చాలదని ఆమె అంది. ఇంకొంచెం తిప్పారు. కారు కుంగి, లేచి, ఆగింది.

"ఆఁ, ఇదీ నేను," అంది.

ఆదివారం సాయంత్రం కొండదారి నుంచి నేరుగా షెడ్డుకే వచ్చారు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకోకుండా దిగింది. ఇసుక మూట తలుపుకు అడ్డంగా ఉంది. తలుపు గాలికి కొట్టుకోకుండా తమ్ముడు పెట్టాడట.

ఆమె మూటను దాటి లోపలికి వెళ్తూ మాస్టారితో అంది.

"ఈవిణ్ణి కూడా అప్పుడప్పుడూ తిప్పుకొస్తూ ఉండండి, పాపం. అలవాటైన మనిషి."