గంగమ్మ గుమ్మం

గంగులు గునపం దించి అటూ ఇటూ కుదిపాడు. ఇసుకమన్ను వదులై గుంట నోరు తెరిచింది. అందులో మొగలికొమ్మను వాలుగా దింపి, చుట్టూ మడమతో తొక్కాడు. పొద్దున్నుంచీ అదే పని. చేతుల నిండా ముళ్ల గీతలు. చెమట దిగి చురచురమంటున్నాయి. గట్టు దిగువ మెట్టు మీద వట్టివేళ్ల దుబ్బులు, పై మెట్టు మీద మొగలి వరస. వంశధార నడిలంకను కోసుకుపోకుండా ఇలా పచ్చటి కంచె పెంచాలని పటం గీసి ఇచ్చింది యమున, శ్రీకాకుళం నుంచి వచ్చిన చదువుకున్న పిల్ల.

లంకలో సగం ఇళ్లకు తాళాలు. ఏటా వరదకి ఇంత నేల ఏట్లో కలవడం, ఎవరో ఒకరు మూటలు సర్దుకోవడం. ఈ వరదకి గట్టు ఆగితే మిగిలినవాళ్లు ఉండిపోవచ్చు. తెగితే అందరినీ ఒడ్డుకు తరలిస్తామని ఆఫీసర్లు చెప్పేశారు. గంగులుకి ఆ మాట గొంతులో ముల్లు. కూతురు కుమారి మొన్ననే ధనరాజ్‌ని పెళ్లాడి లంకలోనే కాపురం పెట్టింది. పోయేవాళ్లే తప్ప వచ్చేవాళ్లు లేని చోట కొత్తగా ఒక పొయ్యి వెలిగింది.

పొద్దున కుమారి తెచ్చిన చోడంబలిలో ఉప్పు లేదు.

"కొత్త కాపరం. దాని ద్యాస ఉప్పు మీదుంటాదేటి" అన్నాడు గంగులు, అల్లుడికి వినపడేలా.

ధనరాజ్ సిగ్గుపడి ఉప్పు కోసం పరుగెత్తాడు. కుమారి మోచేతిదాకా ఉన్న గాజులన్నీ గలగలమనేలా నవ్వింది. ఉప్పు వచ్చేలోపే ఆ చప్పటి అంబలి గటగటా తాగేశాడు గంగులు.

ఎగువన గేట్లెత్తారన్న కబురు మధ్యాహ్నం వచ్చింది.

గట్టు పొడవునా ఖాళీ ఒక్కచోటే ఉంది. ఎగువ మొనలో, పడవ పట్టేంత. లంకవాళ్లు ఏ కంచె కట్టినా ఆ చోటు వదిలేస్తారు. వరదతో గంగమ్మ ఊళ్లోకి వచ్చి, అందరినీ చూసి పోయే గుమ్మం అది. మూసేద్దామని యమున ఎంతో నచ్చజెప్పింది. తల్లి మొహానే తలుపు వేస్తామా అని గంగులే అడ్డం పడ్డాడు. చివరికి ఆమె కూడా సరేనంది.

పొద్దు వాలేసరికి ఎర్రనీళ్లు దిగువ మెట్టు ఎక్కాయి. వట్టివేళ్లు తలలు వాల్చాయి గానీ పట్టు వదల్లేదు. మొగలి కదల్లేదు. గుమ్మానికి రెండు పక్కలా మాత్రం మట్టి పెళ్లలు పెళ్లలుగా జారుతోంది. నీళ్లు మెలితిరుగుతూ లోపలికి దూరుతున్నాయి. వాటికి ఎదురుగా కుమారి ఇల్లు. పెళ్లినాటి మామిడాకులు ఆ ఇంటి ద్వారబంధానికి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

యమున మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఇసుక బస్తాలు వేయిస్తోంది. వేసినవి వేసినట్టే కొట్టుకుపోతున్నాయి. గంగులు కాసేపు చూసి, తన పడవ వైపు తిరిగాడు. జీడిపిక్కల మూటలనీ, పురిటి మనుషులనీ, చివరికి తన భార్య దాలమ్మ శవాన్నీ ఏరు దాటించిన పడవ.

"అల్లుడా, నా పడవ గుమ్మానికి అడ్డంగా తిప్పు."

"అది పోతే నీకేటుంటాది మావా?"

"లంకుంటాది. తిప్పు."

కుమారిని పసుపు అడిగి, పడవ ముక్కుకు రాశాడు. నీళ్లకేసి వంగి, పక్కింటావిడతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పాడు.

"ఈ యేడాదికి పక్కనుంచి ఎల్లిపో తల్లీ. మా ఇంట్లో కొత్త కాపరం ఉన్నాది."

పడవ తాడును గట్టులో దించిన గునపానికి చుట్టి, కొస తన చేతికి పెనవేసుకుని లాగిపట్టాడు. ధనరాజ్ అడుగుపలక ఊడదీశాడు. పడవ నీళ్లు తాగి, మూలుగుతూ కూర్చుంది. అందరూ దాని నిండా బస్తాలు పడేశారు. వరద వచ్చి గుద్దింది. పడవ వణికింది. తాడు బిగిసింది. గంగులు మొగలి వరసకి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాడు.

చాలాసేపటికి నీళ్లు మెట్టు దిగడం మొదలుపెట్టాయి. ఆ మాట చెప్పడానికి ధనరాజ్ పరుగున వచ్చాడు. మావ తల ఒక పక్కకి ఒరిగి ఉంది, ఒళ్లు చల్లబడిపోయింది. తాడు మాత్రం గుప్పిట్లోనే ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఆ ఏడు ఎవరూ మూట కట్టలేదు. పడవ మీద ఒండ్రు పేరుకుంది. యమున, కుమారి కలిసి దాని మీద మొగలి నాటారు. పక్కనే గట్టులో గంగులు గునపం నిలువునా అలాగే ఉంది. దానికి చుట్టిన తాడు కొంతదూరం నేల మీద పాకి, మొగలి మొదళ్ల దగ్గర మట్టిలోకి దిగిపోయింది.