కిరోసిన్ వీరుడి ఆఖరి పేజీ

ఇప్పటి సూపర్ హీరోలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కండలు, మెరిసే బట్టలు, ఒక్కడికీ ఆకలి ఉండదు. మా కిరోసిన్ వీరుడికి బొజ్జ ఉండేది. గుక్కెడు కిరోసిన్ తాగితే కొండలెత్తేవాడు. అది అయిపోతే డబ్బా పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడేవాడు. లోకం మునిగిపోతున్నా సరే, లైన్ తప్పేవాడు కాదు. ఏం మనిషండీ!

ఆ బొమ్మల పుస్తకాలను రెజిమెంటల్ బజార్‌లో పద్మనాభం సార్ అద్దెకిచ్చేవారు. నాసిరకం కాగితం, గీత దాటిన రంగులు. దయ్యం పెదవుల ఎరుపు గడ్డం మీద పడేది. సార్‌కి ఒక రూలుండేది. పుస్తకంలో ఆఖరి పేజీ ఉండేది కాదు, అది ఆయన రేకు డబ్బాలో ఉండేది. పుస్తకం వాపసు ఇస్తేనే ఆ పేజీ చేతికొచ్చేది. అక్కడే నిలబడి చదివి ఇచ్చేయాలి. ఆ ఒక్క పేజీకీ రంగులుండేవి కావు. కథ ముగింపంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం, నేనూ నోవహూ.

నోవహు నా చిన్ననాటి దోస్తు. వాళ్లమ్మకు దయ్యాల పుస్తకాలంటే మంట. అందుకని వాడు వాటిని అట్లాసులో పెట్టుకుని చదివేవాడు. కొడుక్కి భూగోళం మీద ఎంత శ్రద్ధోనని ఆమె చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

మెట్లబావి రాక్షసి కథ వాడి దగ్గరుండగానే దుకాణం మూతపడింది. బావి అడుగున వీరుడు, ఆరిపోతున్న దీపం, కాలు పట్టుకున్న రాక్షసి. అంతే, ఆ తర్వాత పేజీ లేదు! చచ్చాడని వాడు, బతికాడని నేను, ఇన్నేళ్లూ కొట్లాడుతూనే ఉన్నాం. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేశాక ఇద్దరం వెళ్లి అడుగుకు తొంగి చూశాం కూడా. ముసలి వెధవలం.

ఇప్పుడు వాడికి గుండె ఆపరేషన్. రేపనగా ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకున్నాడు.

"అరె తిరుమల్, గా వీరుడు సచ్చిండో బతికిండో తెల్వకుండనే పోతనేమోరా."

"నోర్ముయ్!" అని కసిరి బయటికొచ్చాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. వీడు లేకపోతే నేనెవరితో కొట్లాడాలి?

పద్మనాభం సార్ బోయిన్‌పల్లిలో కూతురింట్లో ఉంటున్నారని కనుక్కుని ఆటో ఎక్కాను. సంగతంతా విని ఆయన పకపకా నవ్వారు.

"ఆ పేజీ లేదు బిడ్డా. అసలు ఏ పుస్తకానికీ లేకుండె. చిత్తు కాగితాల మూటలల్ల తెచ్చేటోణ్ణి, ఆఖరి పేజీలన్నీ చినిగిపోయి వచ్చేటివి. నేనే గీసేటోణ్ణి. గిది గీసేలోపల దుకాణం పాయె."

మమ్మల్ని నిద్రపోనివ్వని ఆ ముగింపులన్నీ ఈయనవేనా! మోసపోయినందుకు కోపం రావాలి. రాలేదు, ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

"ఇప్పుడు గియ్యండి సార్."

"చెయ్యి వణుకుతది బిడ్డా."

"వణకనీయండి."

పెన్ను తీసుకుని నా మొహంలోకి చూశారు. "బతకాల్నా, సావాల్నా?"

"బతకాలె సార్," అన్నాను.

గీతలు వంకర పోయాయి. బొజ్జ మాత్రం అదే బొజ్జ.

ఆస్పత్రికి తిరిగొచ్చి, మడిచిన కాగితం నోవహు ముందు పెట్టాను. "దొరికింది. సదువు."

వాడి కళ్లు మెరిశాయి. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"పుస్తకం ఇంట్లున్నది గదరా. వాపసియ్యకుండ ఆఖరి పేజీ ఎట్ల జూస్తం? సార్ రూలు మర్సినవా?"

"ఇప్పుడు గూడ రూలేందిరా, పాగల్!"

"జెర నీ దగ్గర్నే పెట్టుకో. ఇంటికొచ్చినంక పుస్తకం నీ చేతుల పెడ్త. అప్పుడే జూస్త."

పక్కనే ఉన్న వాడి భార్య రోసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పొద్దున వాణ్ణి ఆపరేషన్ థియేటర్ వైపు తీసుకుపోయారు. జేబు మీద చెయ్యి పెట్టుకుని అంతసేపూ ఎట్లాగో ఓర్చుకున్నాను. తలుపులు మూసుకుంటుంటే ఇక ఉండబట్టలేదు.

"పుస్తకం వాపస్ తేవాలెరా నోవహూ, యాది పెట్టుకో!" అని అరిచాను.

నర్సు నన్ను తిట్టింది. తిట్టనీ.