మెంతి గింజంత మిషను

నాకు ముక్కు మీద కోపమని మా గల్లీలో అందరికీ తెలుసు. అందరికంటే గట్టిగా మాట్లాడేది కూడా నేనే. కోపానికి కారణం చెప్పలేను గానీ గొంతుకు మాత్రం ఉంది. మా బాపు దుర్గయ్యకు చెవులు వినబడవు. చిన్నప్పటి నుంచీ చీము కారే చెవులు. నేను ఇంటర్ చదివేటప్పుడు వినికిడి బాగా తగ్గిపోతే, చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చాం. అది పెడితే చీము ఇంకా ఎక్కువైంది. నెల తిరక్కుండానే తీసి అల్మారాలో పడేశాడు. అప్పటి నుంచి ఉప్పుగూడలో మా ఇంట్లో "అన్నం తిన్నవా" అని అడిగితే నాలుగిళ్ల అవతల వాళ్లు "తిన్నం" అంటారు.

ఇక నా ఉద్యోగం సంగతి వింటే మీరు నవ్వుతారు. నేను వినికిడి మిషన్లు డిజైన్ చేస్తాను.

బయట తగిలించుకునేవి కావు. ఆపరేషన్ చేసి లోపల పెట్టేవి. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు ఉంటాయి కదా, వాటిలో ఒకదానికి దీన్ని తగిలిస్తారు. శబ్దం రాగానే ఇది వణుకుతుంది, ఎముకను కదిలిస్తుంది. మేం చేసిన మొదటి మోడల్ చింతగింజంత ఉండేది. మా కంపెనీకి సలహాలిచ్చే చెవి డాక్టరు మనస్విని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెట్టాలంటే మనిషికి ఇంకో తలకాయ కావాలమ్మా సుజనా" అంది. ఒళ్లు మండింది. మూడేళ్లు పట్టుబట్టి మెంతి గింజంత చేశాను. లోపల ఓ చిన్న అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని తీగ, పైన టైటానియం తొడుగు.

మా కంపెనీ పత్తర్‌గట్టి వెనక గల్లీలో, పై అంతస్తులో ఉంది. ఇలాంటి పని పాతబస్తీలో ఏమిటని అడిగేవాళ్లు చాలామంది. ఇంత చిన్న లోహపు పనికి చెయ్యి తిరిగిన వాళ్లు ఇక్కడుంటే మేం ఇంకెక్కడికి పోవాలి? కింద వెంకటనారాయణ సేటు ముత్యాల దుకాణం. బాపు నలభై ఏళ్లుగా అందులోనే ముత్యాలు ఏరి దండలు గుచ్చుతున్నాడు. పొద్దున ఒకే స్కూటీ మీద వస్తాం. ఆయన కింద ఆగిపోతాడు, నేను మెట్లెక్కుతాను.

గింజైతే చిన్నదైంది గానీ దానికో మొండి రోగం పట్టుకుంది. చేసిన రోజు అన్నీ బాగానే పలుకుతాయి. కొలిచే మిషను అన్నింటికీ పాస్ అంటుంది. ఉప్పునీళ్లలో వారం ఉంచితే మాత్రం మూడింటిలో ఒకటి జుయ్యిమని మూలగడం మొదలుపెడుతుంది. మనిషి చెవిలో పెట్టాక అలా మూలిగితే మళ్లీ కోసి తియ్యాలి. ఏది చెడిపోతుందో ముందే చెప్పే దారి మాకు దొరకలేదు.

"మంగళవారం మీటింగులోపు దారి చూపించండి. లేకపోతే నేను సంతకం పెట్టను" అని మనస్విని తేల్చి చెప్పేసింది. ఆమె సంతకం లేకపోతే మా డిజైన్ అక్కడితో ఆగిపోతుంది. మేనేజర్ జగదీశ్వర్ సార్ అయితే మా డిజైన్ వదిలేసి విదేశీ మిషన్లే తెప్పిద్దామని ఆ కంపెనీలకు మెయిల్స్ కూడా రాసి పెట్టుకున్నాడు. నా మూడేళ్ల కష్టం అటకెక్కడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఆదివారం లాల్‌దర్వాజ బోనాలు. దారులన్నీ బంద్. అందుకని శనివారమే కొత్తగా చేసిన పన్నెండు గింజలు ఇంటికి తెచ్చుకున్నాను, భూతద్దం కింద పెట్టి చూద్దామని. పన్నెండు గుంటల ట్రే, ఒక్కో గుంటకు ఒక్కో నంబరు. ఏ నంబరు గింజను ఏ రోజు చేశారో, ఏ జిగురు వాడారో, అంతా రాసి ఉంది. ఆదివారం పొద్దున అమ్మతో పాటు బోనం ఎత్తుకుని గుడికి పోతూ ట్రేను మంచం మీద వదిలేశాను.

ఎవరి ముందు వదిలేశానో చూసుకోలేదు. ఏరని గింజలు కనిపిస్తే బాపు చేతులు ఊరుకోవు. ఇంటికి కందిపప్పు తెచ్చినా పెద్ద బద్దలు ఒక పక్క, చిన్న బద్దలు ఒక పక్క చేసి పెడతాడు. "రెండు ఒక్క కుండల్నే ఉడుకుతయి కదనయ్యా" అని మా అమ్మ సుగుణమ్మ నెత్తి కొట్టుకుంటుంది.

తిరిగొచ్చేసరికి మంచం మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. ట్రే ఖాళీ. గుడ్డ మీద రెండు కుప్పలు, ఒక పక్క ఎనిమిది, ఇంకో పక్క నాలుగు. చేతిలో ముత్యాలు పట్టుకునే చిమటాతో బాపు ప్రశాంతంగా కూర్చున్నాడు.

"బాపూ! ఏం చేసినవ్!"

"ఏరిన" అన్నాడు, మంచి పని చేసినవాడి ముఖంతో.

"ఎవరు ఏరమన్నరు నిన్ను? నంబర్లు ఉన్నయి వాటికి! ఏది ఏ నంబరో ఇప్పుడెట్ల తెలుస్తది? ఎల్లుండి మీటింగుల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

జుట్టు విరబోసుకుని ఉన్నాను. నుదుటి నిండా పసుపు కుంకుమ. వీధిలో డప్పుల మోత. నా అరుపు విని, నా మీదికి అమ్మవారు వచ్చిందనుకుని పక్కింటి ఆగమ్మ వేపమండలు, చెంబెడు పసుపునీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "తల్లీ, శాంతించు తల్లీ" అంటూ కాళ్ల మీద నీళ్లు పోసింది. "అమ్మవారు కాదత్తా, నేనే" అన్నా నమ్మలేదు. "ఈ యేడు వానలు మంచిగ పడతయా తల్లీ?" అని అడిగింది. పడతయని చెప్పి పంపించాను. ఇంకేం చెయ్యను!

ఈ లొల్లి అయ్యేదాకా బాపు ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు. అయ్యాక నాలుగు గింజల కుప్పను చూపించాడు.

"గీ నాలుగు పనికిరావు బిడ్డా. ఎవరు అమ్మిండ్రో వాళ్లకు వాపస్ చెయ్యి."

"ముత్యాలు కావు బాపూ అవి! మిషన్లు!"

"ఏవైతేంది. లోపల వదులున్నయి."

"నీకెట్ల తెలుసు?"

ఒక గింజను చిమటాతో పట్టి, ముందు పంటికి సున్నితంగా తాకించాడు. ముత్యాలవాళ్లు పంటికి రాసి మంచి ముత్యాన్ని గుర్తుపట్టడం అందరికీ తెలిసిందే. బాపు అంతకంటే ఒక అడుగు ముందుకు పోయాడు. తాకించి వింటాడట.

"మంచిదైతే టిక్కుమని ఊకుంటది. గిదేమో టిక్కుమన్నంక ఇంకొంచెం గొణుగుతది. లోపల పొర వదిలిన ముత్యం గట్లనే గొణుగుతది."

"నోట్లె పెట్టుకున్నవా!" అని మళ్లీ అరిచాను. వీధిలోంచి ఆగమ్మ తొంగి చూసింది.

ఆ రోజంతా మూతి ముడుచుకునే తిరిగాను. కానీ ఆ నాలుగు గింజల్ని మాత్రం విడిగా చుట్టి పెట్టాను. మూడింటిలో ఒకటి చొప్పున చెడుతున్నాయి కదా, పన్నెండింటికి నాలుగే అవుతాయి. ఆ లెక్క నన్ను నిలవనివ్వలేదు.

సోమవారం పొద్దున్నే, ఊరేగింపు మొదలు కాకముందే ఆఫీసుకు పోయాను. బాపు వద్దన్న వాటిలో ఒకదాన్ని నిలువుగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. అయస్కాంతం కింద జిగురులో గాలి బుడగ. అక్కడ వెంట్రుకలో సగమంత సందు. రెండోది కోశాను, బుడగ ఉంది. మూడోదానిలో, నాలుగోదానిలో కూడా ఉంది. మంచివన్నవాటిలో మూడింటిని కోశాను. జిగురు నిండుగా, చక్కగా ఉంది. కుర్చీలోనే ఎగిరినంత పని చేశాను. ఆ సందులోకి తడి చేరి, వారం తిరిగేసరికి అయస్కాంతం ఊగుతోందన్నమాట. లక్షల రూపాయల మిషను పట్టలేనిదాన్ని మా బాపు పన్ను పట్టింది.

మంగళవారం మీటింగులో కోసిన గింజల ఫోటోలు తెర మీద చూపించాను. బుడగల్లేకుండా జిగురు ఎలా నింపాలో కూడా రాసుకెళ్లాను. మనస్విని ముఖం వికసించింది. "మరి ముందే ఎలా కనిపెట్టారు?" అంది.

అబద్ధం చెప్పడం నాకు రాదు. చెప్పేశాను.

జగదీశ్వర్ సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సుజనా, రిపోర్టుల ఏమని రాద్దాం? టెస్ట్ మెథడ్, పన్ను. ఆపరేటర్, మీ నాయిన. గిట్ల రాస్తే మన కంపెనీ మూసుకునుడే."

"ముందు ఆయన్ని పిలవండి" అంది మనస్విని.

బాపును కింది నుంచి పిలుచుకొచ్చాను. చొక్కా గుండీలు సరిచేసుకుంటూ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. కొత్తగా చేసిన ఇరవై గింజల్ని స్పిరిట్‌తో తుడిచి ముందు పెట్టాం. అవి మిషను పాస్ చేసినవే. ఒక్కటి తప్పినా నా మాట గాలికి పోతుంది.

ఆయనకేం తొందర లేదు. ఒక్కోదాన్నీ పంటికి తాకించి, కళ్లు మూసుకుని, పక్కన పెట్టాడు. ఇరవైలో అయిదు తీసి జరిపాడు. ఆరోదాన్ని రెండుసార్లు తాకించి చూసి, "దీని మీద నాకు అనుమానమున్నది" అని మధ్యలో పెట్టాడు. మొత్తం ఇరవై కోశాం. అయిదింటిలో పెద్ద బుడగలు. అనుమానం ఉన్నదానిలో ఆవగింజలో పదో వంతు బుడగ. మిగతా పద్నాలుగు నిక్షేపంగా ఉన్నాయి. జగదీశ్వర్ సార్ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తీసేశాడు.

మనస్విని మాత్రం గింజల్ని వదిలేసి బాపునే చూస్తోంది. బ్యాగులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీసి బల్లకు కొట్టి చెవి దగ్గర పెట్టింది. బాపు తల అడ్డంగా ఊపాడు. చెవి వెనక ఎముకకు ఆనించింది. బాపు ఉలిక్కిపడి నవ్వాడు.

"సుజనా, ఈయనకు లోపలి నరం చాలా బాగుంది. అందుకే పంటి ఎముక గుండా వచ్చే శబ్దం వినబడుతోంది. దారే మూసుకుపోయింది. చీము వల్ల ఆ చిన్న ఎముకలు కదలడం లేదు. ఎప్పుడైనా సరిగ్గా పరీక్ష చేయించారా?"

చెవుల మీద జీతం తీసుకునే మనిషిని నేను. నరాలు పోయినయని ఎవరో అంటే నమ్మేసి, పద్నాలుగేళ్లు అరుస్తూ కూర్చున్నాను గానీ ఒక్కసారి, ఒక్క ఫోర్క్ తెచ్చి ఆయన ఎముకకు ఆనించలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

"మీ మొదటి మోడల్ ఉందా? చింతగింజది?" అంది మనస్విని. "దానికి బలం ఎక్కువ కదా."

బీరువాలోంచి తీశాను. మైకుకు, బ్యాటరీకి తీగలు కలిపాను. జగదీశ్వర్ సార్ తీగ కదలకుండా పట్టుకున్నాడు. బాపు దాన్ని ముందు పళ్ల మధ్య మెల్లగా కరిచి పట్టుకున్నాడు. మైకు నా ముందుకు జరిపారు.

అరవబోయాను. మనస్విని వేలు అడ్డం పెట్టి, "మామూలుగా మాట్లాడు" అంది.

"బాపూ, ఇనబడుతున్నదా?"

బాపు కదల్లేదు. కళ్లు పెద్దవి చేసి నన్నే చూశాడు. తర్వాత మిషను పళ్లలో ఉండగానే ముద్దముద్దగా అన్నాడు.

"గిదా నీ గొంతు? గింత మెత్తగున్నదా?"

"అవును బాపూ."

"నువ్వు కాలేజీకి పోయినకాడి నుంచి నా మీద గుస్స మీదున్నవనుకున్న బిడ్డా. ఏం తప్పు చేసిననో సమజ్‌కాలేదు. అడుగుదమంటే భయమైంది."

మనస్విని ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. పంటికి బదులు కట్టుడు పన్ను మీద సెన్సర్ అంటించి టెస్ట్ చెయ్యాలని కింద రాసింది. ముందు చీము తగ్గించాలని, ట్రయల్స్ మొదలైనప్పుడు దుర్గయ్యగారి పేరు కూడా చూద్దామని చెప్పింది. నా డిజైన్ నిలబడింది. మూడేళ్లుగా ఆ సంతకం కోసమే కాచుకున్నదాన్ని, దానివైపు చూడను కూడా చూడలేదు. కళ్లనిండా నీళ్లు వస్తే మైకు పక్కకు జరిపి తుడుచుకున్నాను.

బాపు కంగారు పడ్డాడు. "సార్, జర సూడుండ్రి. మిషన్ ఆగిపోయినట్టున్నది" అన్నాడు. జగదీశ్వర్ సార్ నిజంగానే తీగలు లాగి చూడబోయాడు.

"ఆగలేదు బాపూ" అన్నాను. "నాకు నీ మీద ఎన్నడూ గుస్స లేదు."

"ఆఁ" అన్నాడు బాపు, మిషనును పళ్లతో ఇంకొంచెం గట్టిగా పట్టుకుని. "గట్లనే, మెల్లగ, మల్లొక్కసారి చెప్పు."