నూట ఎనభై రోజుల సంచి

నేను ఒక ఆకుపచ్చ సంచిని. కొట్టువాళ్ళు నన్ను కవరంటారు. నన్ను చేసిన కంపెనీ మాత్రం 'పుడమిపుత్రి' అని పేరు పెట్టింది. నా పొట్ట మీద రెండు చిగురాకులు, వాటి కింద 'నూట ఎనభై రోజుల్లో మట్టిలో మట్టినవుతాను' అన్న మాట అచ్చయి ఉన్నాయి. ఆ ప్రతిజ్ఞ నన్నడిగి చేయించింది కాదు.

నేను పుట్టిన యంత్రంలోనే ముందురోజు దాకా మామూలు నల్ల కవర్లు తీశారు. యంత్రం మారలేదు. అందులో పోసిన ప్లాస్టిక్ గింజలూ మారలేదు. రంగు డబ్బా ఒక్కటే మారింది. "పచ్చరంగు ఎయ్యండ్రా, పుణ్యం దానంతటదే వచ్చేత్తాది" అని నవ్వాడు యంత్రం నడిపే ముసలి మేస్త్రి.

సముద్రం ఒడ్డునున్న ఒక నగరంలో మమ్మల్ని విడుదల చేశారు. ఫ్లెక్సీలు, బుడగలు, గుక్కెడు తాగి వదిలేసిన నీళ్ళ సీసాల నడుమ నిలబడి పెద్దలు ప్లాస్టిక్ మీద యుద్ధం ప్రకటించారు. ఈ పచ్చదనం తమ చలవేనని అధికార పక్షం వాళ్ళు, కాదు తమ హయాంలోనే మొలకెత్తిందని ప్రతిపక్షం వాళ్ళు చెప్పుకున్నారు. జనం ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

నేను అమ్ముడయ్యేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. రైతుబజారులో నన్ను కొన్న అపార్ట్‌మెంటు ఆవిడ ఇంటికెళ్ళి, వంకాయ తొడిమలూ కొబ్బరి పీచూ నాలోనే కూరి, "ఇది కూడా ఎరువైపోతుందిట!" అని మురిసిపోతూ తడిచెత్త డబ్బాలో వేసింది.

అలా దన్నాన అప్పలనరసమ్మ చేతికొచ్చాను. వార్డు పార్కు వెనకనున్న ఎరువు గోతుల దగ్గర ఆమె పారిశుధ్య కార్మికురాలు. పదకొండేళ్ళుగా అదే పని. పిడికెడు ఎరువు తీసి వాసన చూసి, అది ముగ్గిందో లేదో చెప్పేది. ఎన్నడూ తప్పలేదట.

నేను వచ్చేసరికి ఆమె కష్టంలో ఉంది. ఆకుపచ్చ సంచులు ఏరొద్దు, అవీ ఎరువవుతాయని అంతకుముందు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆమె ఏరలేదు. తీరా గొయ్యి తెరిస్తే ఎరువు నిండా నా తోబుట్టువుల పేలికలే. రైతులు బస్తాలు తిప్పి పంపేశారు. కంపెనీ ప్రతినిధి హేమచంద్ర ఒక కాగితం రాశాడు. సంచిలో లోపం లేదు, గొయ్యి పని తెలియని చేతుల్లో ఉంది అని దాని సారాంశం. దాంతో నేను వచ్చిన రోజునే నరసమ్మను మురుగుకాలవల పనికి మార్చారు.

ఆమె ఏడవలేదు. నన్ను కుళాయి కింద శుభ్రంగా కడిగి, మడిచి, సోమవారం అర్జీలు తీసుకునే వేళకు కమిషనర్ సుచరిత గారి ముందు పెట్టింది. హేమచంద్ర కూడా అక్కడే ఉన్నాడు.

"అమ్మా, నాకు పని రాదంతన్నారు. రాకపోతే తీసీండి. కానీ ఒక్కపాలి ఈ బాబుగారి సేతే గొయ్యి పెట్టించండి. నీళ్ళెన్ని పొయ్యాలో, ఎన్నిసార్లు తిరగెయ్యాలో ఆయనే సెప్తారు. గొయ్యి సుట్టూ కంచె కట్టించి తాళం మీకాడే ఉంచండి" అంది నరసమ్మ.

"మీకేమైనా అభ్యంతరమా?" అని కమిషనర్ అడిగింది.

హేమచంద్రకు అభ్యంతరం లేకపోగా ఉత్సాహం పుట్టింది. తవ్వే రోజున కెమెరా తెచ్చి ప్రకటన తీయించుకుంటామన్నాడు.

అరటాకులు, చింతపండు పిప్పి, పేడ, నరసమ్మ ఇచ్చిన పాత నేతచీర ముక్క, వాటి మధ్యన నేను. కమిషనర్ ఆఫీసు మనిషి కంచె తాళం తీసి నిలబడితే, హేమచంద్ర చెప్పిన లెక్క ప్రకారం పార్కు తోటమాలి నీళ్ళు చల్లి తిరగేసేవాడు. నరసమ్మకు లోపలికి రావడానికి వీల్లేదు. రోజూ పొద్దున్నే కాలవ పనికి వెళ్తూ కంచె బయట నిలబడేది. గొయ్యి వేడిగా ఉంటే ఎరువు ముగ్గుతున్నట్టే. "యేడిగా ఉన్నాదా?" అని ఆమె అడగడం, "ఉన్నాది అప్పా" అని తోటమాలి చెప్పడం నాకు మట్టిలోంచి వినిపించేవి.

మొదట అరటాకు వెళ్ళిపోయింది. తర్వాత చీరముక్క పోగుపోగుగా విడిపోయింది. వానపాములు వచ్చి, నన్ను తడిమి, పక్కకి తప్పుకుని పోయేవి. నాకు సిగ్గేసింది. మట్టి కావాలని నిజంగానే కోరుకున్నాను. చేతకాలేదు.

నూట ఎనభై ఒకటో రోజున అందరి ముందూ తాళం తీశారు. కమిషనర్, రైతులు, వార్డు జనం, కెమెరా అందరూ వచ్చారు. నరసమ్మ గునపం వద్దంది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే తవ్వసాగింది. జానెడు లోతుకు నల్లటి ఎరువు తప్ప ఏమీ కనిపించలేదు.

"చూశారా? కలిసిపోయింది!" అన్నాడు హేమచంద్ర. ఎవరో చప్పట్లు కూడా మొదలెట్టారు.

నరసమ్మ చేయి ఆగలేదు. మోచేతి దాకా లోపలికి పోయి, నా చెవి పట్టుకుంది. లాగింది. నేను బయటికొచ్చాను, చిరుగు లేకుండా. ఆమె నీళ్ళు చల్లి తుడిచేసరికి చిగురాకులతో సహా నా ప్రతిజ్ఞ కెమెరాకు ఎదురుగా తళతళలాడింది. చప్పట్లు ఆగిపోయాయి.

"నా సీర మట్టయిపోనాది. అరటాకు మట్టయిపోనాది. గొయ్యి మంచిదే కదమ్మా?" అంది నరసమ్మ.

"గొయ్యి మంచిదే" అంది కమిషనర్.

అప్పుడు మోగాయి అసలు చప్పట్లు! తోటమాలి ఈల వేశాడు. వారం తిరక్కుండా నగరంలో మా అమ్మకం ఆగిపోయింది. నరసమ్మను కాలవల పని నుంచి తప్పించి, నగరంలోని ఎరువు గోతులన్నిటికీ మేస్త్రిని చేశారు. హేమచంద్ర ఒంటరిగా వచ్చి, "కంపెనీ నాకిచ్చిన కాగితంలో ఉన్నదే రాశాను పెద్దమ్మా. గొయ్యి నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. "ఇప్పుడు సూసీసినావు కదా బాబూ" అంటూ ఆమె అతని చేతిలో పిడికెడు ఎరువు పెట్టి వాసన చూడమంది.

ఇప్పుడు నేను ఆమె కొత్తవాళ్ళకు పని నేర్పే షెడ్డులో, గోడకు తగిలించిన పటంలో, అద్దం వెనక ఉన్నాను. ఓడిపోయి గోడెక్కినదాన్ని నేనొక్కదాన్నేనేమో! అయినా నాకు బాధ లేదు. పుట్టినప్పటి నుంచి అబద్ధం మోశాను, ఒక్కరోజు నిజానికి సాక్షినయ్యాను. ఈ బతుక్కి అది చాలు.

మొన్న ఒక రైతు బండి తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపాడు. బస్తా మూతి విప్పి, ఎరువు నలిపి చూసి, "నరసమ్మగారి ఎరువేనా ఇది?" అని అడిగాడు.

పార పక్కన పెట్టి, ఆమె నడుం నిటారు చేసుకుంది.

"ఆఁ, నాదే" అంది.