రెండు రాత్రుల బేరం

ఆ నెల పందొమ్మిదో తేదీ, గురువారం, ఉదయం. హాజరైనవారు ఇద్దరే: వదిన, ఆమె ఆడపడుచు. రావలసి ఉండీ రానివాడు వదిన భర్త. మంచాన పడిన తల్లి దగ్గర అతడు కాపలాకు నిలిచాడు. నిలవడమంటే నిలవడమే. తల్లిని పక్కకు తిప్పవలసి వస్తే తాను కిటికీ వైపు తిరిగే మనిషి అతడు.

వదిన ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. పగలంతా పరాయివాళ్ళను లేపి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి ఇల్లు చేరితే, పక్షవాతం వచ్చిన అత్తగారిని రాత్రంతా లేచి లేచి అటూ ఇటూ తిప్పాలి. తిప్పకపోతే వీపు పుండవుతుంది. ఏడాదిగా ఆమె కళ్ళు మూతపడుతున్నాయే కాని నిద్రపోవడం లేదు. అలాంటి మనిషి, దొరక్క దొరక్క దొరికిన సెలవునాడు దుప్పటి ముసుగు పెట్టక వీధిన పడిందంటే, ఆడపడుచును ఒంటరిగా దొరకబుచ్చుకోవడానికి మరో దారి లేకనే. వారానికి రెండు రాత్రులు, రెండంటే రెండే, నీ తల్లి దగ్గర నువ్వు పడుకో అని అడగాలి. సాయంత్రంలోగా ఔననిపించాలి. లేకపోతే తన నడుమైనా విరుగుతుంది, నోరైనా జారుతుంది. రెంటిలో ఏది ముందో చెప్పలేని స్థితికి ఆమె వచ్చేసింది.

ఆడపడుచు బీమా ఆఫీసులో ఉద్యోగి. రెండు వీధుల అవతల ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. సెలవు దొరికితే చాలు, జియోకాషింగ్ అనే ఆటకు పరుగెత్తుతుంది. ఎవరో ఒక చిన్న డబ్బాను ఊళ్ళో ఎక్కడో దాచి, ఆ చోటును ఫోనులో గుర్తుపెడతారు. ఆ గుర్తు వెంట వెళ్ళి, దారినపోయేవారి కంట పడకుండా డబ్బాను పట్టుకుని, లోపలి కాగితం మీద సంతకం చేసి, ఉన్నదాన్ని ఉన్నట్టే పెట్టి రావాలి. ఆటలో ఆమె పేరు డేగ. ఆ పేరు ఎంత అతికిందంటే, సొంత అన్న కూడా ఇంట్లో అలాగే పిలుస్తాడు.

"ఊరంతా ఊడ్చేశాను వదినా, మన వీధుల్లోనే ఒకటి మిగిలిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని" అంది డేగ, నడుస్తూనే.

"పిల్ల చంకలో ఉంటే ఉంది. తల్లి మంచంలో ఉంది, అదన్నా గుర్తుందా?"

"అబ్బ, పొద్దున్నే మొదలుపెట్టకు. ఇదిగో, ఎడమకి తిరగాలి."

మాట దాటించడంలో డేగ పడవ నడిపేవాళ్ళకు తీసిపోదు. వదిన నిట్టూర్చి ఎడమకు తిరిగింది.

ఫోనులోని గుర్తు వాళ్ళను ఒక నాలుగంతస్తుల పాత భవనం వెనక్కు తీసుకుపోయింది. అక్కడ చెత్త తొట్లు, గోడకు ఆనించిన టైరు లేని సైకిలు, పై అంతస్తుల్లోకి పోయే ఇనుప మెట్లు, మెట్ల పక్కన కింది వాటా తలుపు. పైనెవరో ఆరేసిన దుప్పటి నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. డబ్బా దాచినవారు ఇచ్చిన ఆచూకీ ఒక్క వాక్యమే: 'మెట్లెక్కని వాళ్ళకే దొరుకుతాను.'

"నాకోసమే రాశారు" అంది వదిన. "ఒక్క మెట్టెక్కమన్నా ఇక్కడే కూలబడతాను."

"నువ్వు కాపలా కాయి. ఎవరన్నా వస్తే దగ్గు."

"దగ్గే ఓపిక కూడా లేదే తల్లీ. ఆవలిస్తాను, సర్దుకుపో."

డేగ మోకాళ్ళ మీద కూర్చుని మెట్ల అడుగున, గోడకున్న ఇనుప మీటరు పెట్టె వెనక, చేతులు పోనిచ్చి తడిమింది. ఉన్నట్టుండి ఆమె ముఖం విప్పారింది. అయస్కాంతంతో మీటరు పెట్టెకు అంటుకుని, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. మూత తీస్తే కాగితం లేదు, తాళంచెవి ఉంది.

"వదినా! ఇది రెండు మజిలీల ఆట! దీంతో తెరిచే పెట్టె ఇంకోటెక్కడో ఉంటుంది. పార్కులో నీళ్ళ పంపు వెనక ఒక ఇనప అర ఉంది చూడు, తాళం వేసుంటుంది ఎప్పుడూ. అదే అయ్యుంటుంది!"

"ఫోనులో అలా రాసుందా?"

"అన్నీ రాస్తే ఇంక ఆటేముంది?"

డేగ ముందు, వదిన వెనక. పార్కు దూరం కాదు. కాని అరిగిన మడమలకు ప్రతి దూరమూ దూరమే. దారిలో వదిన మరోసారి ప్రయత్నించింది.

"నీతో ఒక మాట చెప్పాలే."

"చెప్పు వదినా. చెవులు నీవి, కళ్ళు మాత్రం దీనివి" అంది డేగ, ఫోను ఎత్తి చూపుతూ.

అలా అరువిచ్చిన చెవులకు చెప్పుకోవడం కంటే గోడకు చెప్పుకోవడం మేలనిపించి వదిన ఊరుకుంది.

పార్కులో ఇనుప అర తాళం ఆ చెవికి లొంగలేదు. తోటమాలి సామాను గది తాళమూ లొంగలేదు. డేగ ఒక్కొక్క తాళాన్నే పలకరిస్తూ తిరుగుతుంటే వదిన బెంచీ మీద కూలబడింది. కూర్చున్న క్షణంలోనే కునుకు పట్టింది. ఆ కునుకులో కూడా ఎవరినో పక్కకు తిప్పుతూనే ఉంది. కళ్ళు తెరిచేసరికి డేగ వచ్చి పక్కన కూర్చుని ఉంది, ఓడిపోయిన ముఖంతో. ఇదే అదను అనుకుంది వదిన. ముందుమాటలన్నీ మింగేసి, ఉన్నదున్నట్టు అడిగేసింది.

"వారానికి రెండు రాత్రులు మీ అమ్మ దగ్గర పడుకో. నా వల్ల కావటంలేదు."

డేగ తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పింది.

"అమ్మంటే ప్రేమ లేకా వదినా? నాకు భయం. ముట్టుకుంటే విరిగిపోతుందేమో అనిపిస్తుంది. నీకైతే తేలిక, నువ్వు నర్సువి."

"ఈత వచ్చినంత మాత్రాన మనిషి మునగదనుకున్నావా?"

"అది కాదూ..."

"ఏది కాదు? మీ అన్న కిటికీ, నువ్వు ఫోను. ఇద్దరికీ చూసుకోడానికి ఏదో ఒకటి ఉంది. నాకే మీ అమ్మ తప్ప ఇంకేం కనపడదు."

అనేసి, నోరే ముందు జారిందని గ్రహించి, వదిన చూపు దించుకుంది. దించిన చూపు డేగ చేతిలోని తాళంచెవి మీద పడింది. చెవి తలకు తెల్లటి టేపు చుట్టి ఉంది. సెలైన్ సూది కదలకుండా చేతికి అంటించే కాగితపు టేపు. దాని మీద పెన్నుతో రాసిన మాట చెమటకు అలుక్కుపోయినా చదవడానికి వీలుగానే ఉంది: 'కింది వాటా.'

"ఏదీ, ఇలా ఇవ్వు" అంది వదిన. "ఇది ఆట కాదే. లేచి తలుపు తీయలేని మనిషి ఉన్న ఇంటి తాళం. చూసుకోడానికి వచ్చేవాళ్ళ కోసం బయట పెట్టారు. నువ్వు ఎత్తుకొచ్చేశావు."

ఇద్దరూ పరుగులాంటి నడకతో వెనక్కు మళ్ళారు.

కింది వాటా తలుపు ముందు ఒక నడివయసు స్త్రీ, భుజాన సంచీతో, మీటరు పెట్టె వెనక వెతుకుతూ, దాన్ని చేత్తో బాదినంత పని చేస్తోంది. ఇళ్ళకు వెళ్ళి మంచాన ఉన్నవాళ్ళను చూసుకునే ఆయా ఆమె. లోపలి నుంచి ఒక ముసలి గొంతు, సన్నగా, ఆగి ఆగి పిలుస్తోంది.

"వస్తున్నానమ్మా, తాళం కనపడటంలేదు, వస్తున్నా!" అని తలుపుకు చెప్పి, ఆయా వీళ్ళ వైపు తిరిగింది. డేగ చేతిలోని నల్ల డబ్బాను చూసింది. "మీరా తీసింది? ఏం పనమ్మా ఇది? చిన్నపిల్లలా మీరు?"

"ఆట అనుకున్నానండీ..." అంది డేగ.

"ఆటా! లోపలావిడ పొద్దుటి నుంచి తడి పక్క మీద ఉంది, అదీ ఆటేనా?"

వదిన తాళంచెవి అందించింది. తలుపు తెరుచుకుంది. ఆయా లోపలికి వెళ్ళి, వెంటనే గుమ్మంలోకి వచ్చింది. "నాకు తోడొచ్చే ఆవిడ ఇవాళ రాలేదు. పక్క మార్చాలంటే రెండో మనిషి కావాలి. మీలో ఒకరు కాస్త చెయ్యి వెయ్యండి."

డేగ ముఖం వెలిగింది. "మా వదిన నర్సేనండీ!"

వదిన చేతులు అప్పటికే చీర కొంగు దోపుకుంటున్నాయి. ఏళ్ళ అలవాటు అది. చేతులకు పిలుపు వినబడితే మనిషి అనుమతి అక్కర్లేదు. ఆమె ఆ చేతుల వైపు, పరాయివాళ్ళవి చూసినట్టు చూసింది. కొంగు వదిలేసింది. ఇనుప మెట్ల మొదటి మెట్టు మీద కూర్చుంది.

"నర్సుకి ఇవాళ సెలవు" అంది.

డేగ ఆమెను చూసింది, గుమ్మాన్ని చూసింది. లోపలి గొంతు మళ్ళీ పిలిచింది. డేగ ఫోనును జేబులో పెట్టుకుని లోపలికి నడిచింది.

వదిన మెట్టు మీదే ఉంది. తెరిచిన తలుపులోంచి ఆయా మాటలన్నీ వినబడుతున్నాయి. "భుజం కింద చెయ్యి పెట్టండి. లాగకండి, చర్మం ఊడొస్తుంది. మోకాలు మడవండి ముందు. ఇటు, మీ వైపుకి. భయపడకండి, ఆవిడేం గాజుబొమ్మ కాదు." ప్రతి మాటకూ వదిన భుజాలు వాటంతట అవే బిగిశాయి. లేవకూడదని రెండు చేతులతో మెట్టును పట్టుకుంది. అలా పట్టుకున్నప్పుడు వేళ్ళకు మెట్టు అడుగున బుడిపెలా ఏదో తగిలింది. వంగి చూసింది. వేలెడంత డబ్బా, దుమ్ముకొట్టుకుని, మెట్టు రంగులోనే కలిసిపోయి ఉంది. అసలు డబ్బా ఇదని డేగకు చెబితే ఇంకో అరగంట ఇక్కడే. ఆమె దాన్ని అక్కడే వదిలేసి, తల రెయిలింగుకు ఆనించింది.

చాలాసేపటికి డేగ బయటకు వచ్చింది. చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. వదిన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఇద్దరం ఉన్నా నా నడుం పోయింది" అంది. "నువ్వొక్కదానివే ఎలా చేస్తున్నావు?"

"చెడ్డగా చేస్తున్నాను. మొన్న రాత్రి ఒకసారి లేవలేదు. మెలకువొచ్చీ లేవలేదు."

ఆయా వచ్చి, సంచీలోంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తీసి డేగ ఒళ్ళో పెట్టింది.

"ఆలస్యం ఎందుకైందని మా ఆఫీసులో అడుగుతారమ్మా. నోటితో చెబితే నమ్మరు. తాళం మీరే తీశారని రాసి సంతకం పెట్టండి."

డేగ మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. రాస్తూ, తల ఎత్తకుండానే అంది:

"బుధవారం నేనొస్తాను."

"రెండో రాత్రి?"

"ముందు బుధవారం గట్టెక్కనీ వదినా. మొదటి రాత్రి నువ్వు పక్క గదిలోనే ఉండాలి. పిలిస్తే రావాలి."

"పిలిస్తే వస్తాను. ఊరికే పిలిచావంటే మాత్రం తంతాను."

"ఒక్క రాత్రే అంటే నీకు చాలదని తెలుసు."

"చాలదు" అంది వదిన. "కాని ఒక్క రాత్రి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ముందు అదెలా ఉంటుందో చూడనీ."

"ముందు రాసేది పూర్తి చెయ్యండమ్మా" అంది ఆయా, గోడకు చేరగిలబడి. ఆమె కూడా అలిసిపోయే ఉంది. "బేరాలు తర్వాత ఆడుకోండి. నేనింకా రెండిళ్ళకి పోవాలి."

డేగ చివరి వాక్యం రాసి, ఒకసారి చదువుకుని, కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది. ఆయా కాగితం అందుకుని, సిరా ఆరడానికి రెండుసార్లు ఊది, నాలుగు మడతలు పెట్టి, సంచీ లోపలి జేబులో వేసి జిప్పు లాగింది.