కుండ చుట్టూ నడక

మా వైపు కుండలకు కుమ్మరి సారె లేదు. నడుమెత్తు తాటి మొద్దు మీద మట్టిముద్ద కదలకుండా ఉంటుంది. ఆడమనిషి తడిగుడ్డ పట్టుకుని దాని చుట్టూ వెనకడుగులు వేస్తూ తిరుగుతుంది. చూసేవాళ్ళకు అదో వింత. బడి ఉద్యోగం విరమించాక, మా ఊరు కంపోంగ్ ఛ్నాంగ్‌కు వచ్చే విదేశీయులను పొద్దున నది మీద తేలే ఇళ్ళకు, మధ్యాహ్నం యొన్ అక్క ఇంటికి తీసుకెళ్ళడం నా పనైంది. ఆవిడ కుండ చేస్తుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను. పదకొండేళ్ళుగా ఇదే.

కిందటి నెల ఒకనాడు ఎవరినీ వెంటబెట్టుకోకుండా, ఊరికే పలకరిద్దామని వెళ్ళాను. స్తంభాల మీది ఇల్లు, కిందంతా నీడ. ఆ నీడలో మొద్దు పక్కన అక్క పడి ఉంది. కూతురు ఫల్లీ మట్టి తేవడానికి పొలాలకు వెళ్ళింది. అక్కను నా బండిలో ఆసుపత్రికి చేర్చాను. తలకు రక్తం తీసుకెళ్ళే నాళం సన్నబడిందని, గుండ్రంగా తిరిగే పని మానాలని, మళ్ళీ పడితే లేవకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అక్క ఆ మాటలు పొరుగింటావిడ జబ్బు గురించి విన్నట్టు విన్నది.

తిరిగి వస్తుంటే దారిలో బండి ఆపించింది.

"ఫల్లీకి చెప్పావంటే నా ఇంటి మెట్టెక్కకు, తమ్ముడూ."

మరి నడక మానతావా అని అడిగాను.

"కూర్చుని చేసే పని నాకు రాదు. నా చేతులకు తెలిసిందంతా నా కాళ్ళే నేర్పాయి."

మాటిచ్చాను. ఇవ్వకూడదని ఇస్తున్నప్పుడే తెలుసు. నా భార్య మాలిస్ కూడా నొప్పిని తొమ్మిది నెలలు దాచింది. ఏమైందని అడిగితే అలసట అనేది. నమ్మడం సులువు కాబట్టి నమ్మాను. ఆమె పోయి ఆరేళ్ళైంది. ఇప్పటికీ ఎవరైనా అలసటగా ఉందంటే రెండోసారి అడగకుండా ఉండలేను.

ఆ నెలంతా నేను ఊరికి ద్రోహం చేశాను. కుండల వాడకు దారి బాగాలేదని కొందరితో, అక్కడివాళ్ళంతా పెళ్ళికి వెళ్ళారని ఇంకొందరితో చెప్పాను. అయినా అడిగి మరీ వచ్చేవాళ్ళుండేవారు. అలాంటప్పుడు చిన్న కుండ చేస్తే చాలని అక్కను బతిమాలేవాణ్ణి. చిన్నదాని చుట్టూ తిరిగితే కళ్ళు ఇంకా తొందరగా తిరుగుతాయని, ఆ మాత్రం లెక్క తెలియనివాడివి పిల్లలకేం చెప్పావని ఆవిడ ఎగతాళి చేసేది.

నిన్న ఐర్లండు నుంచి నలుగురు వచ్చారు. అందులో ఒకావిడ అక్క వయసుదే. రాగానే చెప్పులు విప్పి, ఎవరూ చెప్పకుండానే, మట్టి ఆరబెట్టిన చోటు తొక్కకుండా పక్కనుంచి నడిచింది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

అక్క మొదలుపెట్టింది. మొదటి చుట్లు బాగానే సాగాయి. కుండ గోడ లేచింది, మెడ సన్నబడింది. అంచు తీసేటప్పుడు ఎడమ కాలు నేలను రాసుకుంటూ రావడం చూశాను. వెనక మట్టి తొక్కుతున్న ఫల్లీ కూడా చూసింది.

"ఏంటమ్మా, పెళ్ళింట్లో తాగొచ్చినట్టు నడుస్తున్నావు?"

"మీ బాబాయి తెచ్చిన దొరసానుల్ని చూసి సిగ్గేసిందే."

ఫల్లీ నవ్వింది. ఎందుకో తెలియకపోయినా వచ్చినవాళ్ళూ నవ్వారు. అక్క చెయ్యి కుండ గోడను గట్టిగా పట్టుకుంది. మెత్తటి మట్టిలో నాలుగు వేళ్ళూ దిగబడ్డాయి. కుండ చేసే మనిషి కుండను ఆసరాగా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఫల్లీ, అమ్మను పట్టుకో," అన్నాను. "కిందటి నెల పడిపోయింది. ఇక తిరగొద్దన్నాడు డాక్టరు."

ఫల్లీ మట్టిలోంచి కాలు తీసి నిలబడింది.

"నీకెప్పట్నించి తెలుసు బాబాయ్?"

"అప్పట్నించే."

ఫల్లీ వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకుంది. అక్క విదిలించుకుంది. నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. తరువాత కుండ వైపు తిరిగి, ఎడమకు ఒరిగిన మెడనూ గోడలో పడ్డ వేళ్ళ గుంటలనూ కాసేపు చూసి, రెండు అరచేతులూ అంచు మీద పెట్టి మెల్లగా కిందికి నొక్కింది. కుండ మళ్ళీ ముద్దయింది. ఎవరి సాయమూ లేకుండా నాలుగడుగులు నడిచి మంచం మీద కూర్చుంది.

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారేమో, ఇద్దరు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ మాత్రం కెమెరా దించేసి, ఏమైందని నన్ను అడిగింది.

ఆవిడ ఇవాళ అలిసిపోయిందని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను.

"ఇవాళ అని చెప్పకు," అంది అక్క. ఇన్నేళ్ళలో ఆవిడకు పదో పన్నెండో ఇంగ్లీషు మాటలు వంటబట్టాయి. అందులో 'టుడే' ఒకటని నాకు తెలియదు.

"మరేమని చెప్పను అక్కా?"

చేతులకున్న తడిమట్టిని మంచం కోడుకు తుడుచుకుంటూ ఆలోచించింది.

"ఆపేసిందని చెప్పు. ఆ తరవాత ఇంకేం కలపకు. నువ్వు కలుపుతావు."

నిజమే, కలుపుతాను. పదకొండేళ్ళుగా ఆవిడ ముక్తసరి మాటలకు నేను తీపి అద్దుతూనే ఉన్నాను. ఈసారి అద్దలేదు. ఆమె ఆపేశారు, అని మాత్రం చెప్పాను. చప్పట్లు కొట్టిన ఇద్దరూ చేతులు కిందికి దించుకున్నారు. అక్క వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసి, నేను సరిగానే చెప్పానని తేల్చుకున్నట్టు తలాడించింది.

ఫల్లీ తల్లి పక్కన కూర్చుంది. నా వైపు చూడకుండానే, డాక్టరు ఏ మాత్రలిచ్చాడని, ఎప్పుడెప్పుడు వేసుకోమన్నాడని అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను. అక్క అడ్డు చెప్పలేదు.